పేరు దాస్తే వైఫై దాగదు

ఇంటికి ఫైబర్ కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు నిచ్చెన దిగి, రూటర్‌కి ప్లగ్గు పెట్టి, తన ఫోన్‌లోనే సెట్టింగ్స్ తెరిచి, పాస్‌వర్డ్‌గా మన మొబైల్ నంబరే కొట్టేసి, వెళ్తూ వెళ్తూ ఓ ఉచిత సలహా పడేస్తాడు: “పేరు హైడ్ చేసేయమంటారా సార్? ఎవ్వరికీ కనపడదు. ఇంక మీరు బేఫికర్.” ఇదే మాట అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్‌గా వస్తుంది. సైబర్ జాగ్రత్తల మీద పత్రికలు వేసే బాక్సు ఐటంలో ఏ ఆరో అంశంగానో, ఏడో అంశంగానో ఉంటుంది. చిన్న ఆఫీసుల్లో ఐటీ చూసుకునేవాళ్లు దాన్ని నియమంలా పాటిస్తారు. ఇన్ని నోళ్లలో నానిన మాట కాబట్టి నిజమే అయ్యుంటుందని మనమూ తలూపుతాం.

నిజం కాదు. పేరు దాచినంత మాత్రాన నెట్‌వర్క్ దాగదు. పైగా దాచిన రోజు నుంచి ఆ పేరును ఊరంతా చాటే పని మీ జేబులోని ఫోన్ నెత్తిన పడుతుంది. మొదటి సంగతి కొందరైనా ఒప్పుకుంటారు. రెండోది చెప్పేవాళ్లే తక్కువ. నా గొడవంతా ఆ రెండోదాని గురించే.

ముందు రూటర్ పని చూద్దాం. అది నోరు మూసుకుని కూర్చునే పరికరం కాదు. ‘నేను ఇక్కడున్నాను’ అని చెప్పే చిన్న రేడియో సందేశాన్ని, మామూలు సెట్టింగ్‌లో అయితే 102.4 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున పంపుతూనే ఉంటుంది. దీన్ని బీకన్ అంటారు. సెకనుకు దాదాపు పది, రోజుకు 8 లక్షల 40 వేల పైచిలుకు. అందులో నెట్‌వర్క్ పేరు ఒక గడి మాత్రమే. మిగతా గడుల్లో రూటర్ రేడియో చిరునామా, వాడుతున్న ఛానెల్, ఏ రకం తాళం, ఏయే వేగాలు వంటివన్నీ ఉంటాయి. ‘హైడ్ ఎస్ఎస్ఐడీ’ అన్న మీట నొక్కితే ఆ ఒక్క గడి ఖాళీ అవుతుంది. అంతే. బీకన్లు ఆగవు, ఒక్కటి కూడా తగ్గదు. రేడియో చిరునామా చెక్కుచెదరదు. దాని మొదటి సగం చూస్తే రూటర్ ఏ కంపెనీదో కూడా చాలాసార్లు తెలిసిపోతుంది. నమ్మకం కుదరకపోతే విండోస్ ల్యాప్‌టాప్ తెరిచి వైఫై జాబితా చూడండి. ‘హిడెన్ నెట్‌వర్క్’ అని ఒక వరుస కనిపిస్తుంది, సిగ్నల్ గీతలతో సహా. దాని మీద నొక్కితే పేరు చెప్పమంటుంది, తర్వాత పాస్‌వర్డ్ అడుగుతుంది. ఎవ్వరికీ కనపడదన్న సరుకు మొదటి ల్యాప్‌టాప్‌కే కనపడింది.

     

ఈ మీట ఎక్కడి నుంచి వచ్చింది? వైఫై తొలినాళ్లలో లూసెంట్ కంపెనీ తన పరికరాల్లో ‘క్లోజ్డ్ నెట్‌వర్క్’ అనే సదుపాయం పెట్టింది. పేరు తెలిసినవాడికే ప్రవేశం అన్నమాట. అంటే పేరునే పాస్‌వర్డ్‌గా వాడారు. 2001 మార్చిలో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్బా, శంకర్, వాన్ అనే ముగ్గురు పరిశోధకులు ‘మీ వైర్‌లెస్ నెట్‌వర్క్‌కు బట్టల్లేవు’ అనే అర్థం వచ్చే శీర్షికతో ఒక పత్రం రాసి, ఈ పేరు గాల్లో బహిరంగంగానే తిరుగుతోందని, దాన్ని రహస్యం అనుకోవడం భ్రమని తేల్చేశారు. అదే ఏడాది ఫ్లూరర్, మాంటిన్, షమీర్ త్రయం అప్పటి వైఫై తాళమైన డబ్ల్యూఈపీ ఎంత బోలుదో లెక్క కట్టి చూపించింది. దాచిన పేర్లను తనంతట తానే పట్టి చూపించే కిస్మెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా 2001లోనే వచ్చింది. 2003లో రాబర్ట్ మాస్కోవిట్జ్ అనే భద్రతా నిపుణుడు ప్రత్యేకంగా ఈ అపోహ మీదే ఒక పత్రం రాశాడు. అంటే మన ఇళ్లలోకి వైఫై రాకముందే ఈ ఉపాయం చచ్చింది. రూటర్ల కంపెనీలు ఆ మీటను తీసెయ్యలేదు, మనం నొక్కడం మానలేదు.

పేరు ఎలా బయటపడుతుందో చెప్పడానికి పెద్ద విద్య అక్కర్లేదు. సాయంత్రం మీరు ఆఫీసు నుంచి ఇంటికొచ్చారు. జేబులో ఫోన్ వైఫైలో చేరాలి. బీకన్‌లో పేరు లేదు కాబట్టి అదే మనదని ఫోన్‌కు తెలిసే దారి లేదు. అందుకని ఫోనే నోరు తెరిచి, ‘లక్ష్మీనిలయం 302 ఉందా?’ అని పేరు పెట్టి అడుగుతుంది. ఈ అడగడాన్ని ప్రోబ్ అంటారు. రూటర్ ‘ఉన్నాను’ అని పేరుతో సహా జవాబిస్తుంది. చేరతానని ఫోన్ మరో అభ్యర్థన పంపుతుంది, అందులోనూ పేరుంటుంది. ఈ మూడూ తాళం పడకముందు జరిగే మాటలు. కాబట్టి మూడూ గుప్తలిపి లేకుండా పచ్చిగా గాల్లోకి వెళ్తాయి. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3లో తాళం ఎంతో గట్టిపడింది గానీ, ఈ పలకరింపులో పేరు బయటికి చెప్పాల్సిన అవసరం అందులోనూ పోలేదు. పక్క ఫ్లాట్‌లో కిస్మెట్ నడుపుతున్నవాడు ఏమీ చెయ్యనక్కర్లేదు. మీ ఇంట్లో ఎవరో ఒకరు బయటికెళ్లి తిరిగొచ్చేదాకా ఆగితే చాలు, ఖాళీ గడిలో పేరు దానంతటదే వచ్చి కూర్చుంటుంది. నలుగురున్న ఇంట్లో ఎంతసేపు ఆగాలి?

ఇక్కడ హైడ్ పక్షంవాళ్లు ఒక పోలిక తెస్తారు: “గుమ్మం మీద నేమ్ ప్లేట్ తీసేస్తే దొంగకు ఎవరిల్లో తెలియదు కదా.” పోలిక బాగుంది, కాకపోతే సగంలో ఆపేశారు. పూర్తి చేద్దాం. నేమ్ ప్లేట్ తీసేశారు. ఇప్పుడు ఇంట్లోవాళ్లకే ఇల్లు గుర్తు పట్టే మార్గం లేదు. కాబట్టి బయటికెళ్లిన ప్రతి మనిషీ బజార్లో, బస్సులో, పెళ్లిలో, పరాయి ఊళ్లో, ఎక్కడుంటే అక్కడ కొద్దిసేపటికోసారి ‘లక్ష్మీనిలయం 302 ఇక్కడుందా?’ అని గట్టిగా కేకేస్తూ తిరగాలి. వైఫై పేరు దాస్తే ఫోన్ పరిస్థితి ఇదే. ఇల్లు దగ్గర్లో ఉందో లేదో దానికి తెలియదు, తెలుసుకోవాలంటే అడగాలి, అడగాలంటే పేరు చెప్పాలి.

మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో విజయవాడ బస్సు కోసం నిలబడ్డ ఒక ప్రయాణికురాలిని ఊహించండి. ఆమె ఫోన్‌లో మామూలు వైఫైలు ఏ ఇరవయ్యో సేవ్ అయి ఉన్నాయి. ఇవాళ్టి ఫోన్లు వాటి పేర్లేవీ పైకి చెప్పవు. ‘ఎవరైనా ఉన్నారా?’ అని పేరు లేకుండా అడుగుతాయి, లేదా ఊరికే వింటాయి. దాచిన నెట్‌వర్క్‌గా సేవ్ చేసినవాటికి మాత్రం ఆ సౌకర్యం లేదు. ఇరవైలో ఒక్క ఇంటి వైఫై దాచినది అనుకుందాం. ఆ బస్ స్టేషన్‌లో ఆమె ఫోన్ పేరు పెట్టి పిలిచేది సరిగ్గా ఆ ఒక్కదాన్నే. ఏది ఎవరికీ తెలియకూడదని దాచారో అదే బయటపడింది, దాచాల్సిన అవసరం లేని పందొమ్మిదీ గుట్టుగా ఉన్నాయి. మన దగ్గర వైఫై పేర్లు ఎలా ఉంటాయో తెలిసిందే. ఇంటిపేరు, ఫ్లాట్ నంబరు, పిల్లవాడి ముద్దుపేరు, లేదంటే క్లినిక్ బోర్డు మీది పేరే.

ఇది ఊహాగానం అనుకునేవాళ్ల కోసం ఒక సంగతి. 2013లో లండన్ ఆర్థిక కేంద్రమైన సిటీ ప్రాంతంలో కొన్ని చెత్తబుట్టలు, దారిన పోయేవాళ్ల ఫోన్లు వెదజల్లే వైఫై సంకేతాలను పట్టి, ఏ ఫోన్ ఎన్నిసార్లు ఆ దారిన వచ్చిందో లెక్క రాస్తున్నట్టు బయటపడింది. గొడవై, ఆ ఆగస్టులో నగర పాలక సంస్థ ఆపించింది. ఫోన్ కంపెనీలు కూడా మేలుకున్నాయి. 2014లో ఐఓఎస్ 8తో ఆపిల్, వెతుకులాట సమయంలో ఫోన్ అసలు రేడియో చిరునామా బదులు మారుపేరు లాంటి చిరునామా వాడటం మొదలుపెట్టింది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి నెట్‌వర్క్‌కో చిరునామా మార్చడం ఆండ్రాయిడ్‌లోనూ మామూలు పద్ధతైంది. ఇంజనీర్లు ఏళ్ల తరబడి కష్టపడి ఫోన్‌కు ముసుగు వేశారు. మనం ఇంటి వైఫై పేరు దాచి, ముసుగు వేసుకున్న ఫోన్ చేత సొంత ఇంటి పేరు పలికిస్తున్నాం. చిరునామా ఎన్నిసార్లు మారితే ఏం లాభం, ‘లక్ష్మీనిలయం 302’ అని అడిగే ఫోన్ ఊరు మొత్తం మీద నాలుగే ఉన్నప్పుడు? దాచిన వైఫైలో చేరిన ఐఫోన్ సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ వార్నింగ్’ అని ఒక హెచ్చరిక కనిపిస్తుంది. రూటర్ పేరు దాచవద్దని ఆపిల్ తన సిఫార్సుల్లో నేరుగానే రాసింది. ఆ హెచ్చరికను చాలామంది చూసే ఉంటారు. ఏదో వస్తుందిలే అని వదిలేసి ఉంటారు.

ఇంకో మెట్టు కింద ఇంకా పెద్ద గుంట ఉంది. 2004లో డినో డై జోవి, షేన్ మెకాలే అనే ఇద్దరు భద్రతా పరిశోధకులు ‘కర్మ’ అనే పద్ధతి చూపించారు. (పేరు వాళ్లు పెట్టిందే, మన వేదాంతం కాదు.) ఫోన్ ఏ పేరు పిలిస్తే ఆ పేరు తనదేనని పలికే దొంగ రూటర్ అది. పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్ అయితే ఫోన్ నేరుగా దాని ఒళ్లో పడుతుంది. పాస్‌వర్డ్ ఉంటే పూర్తిగా చేరదు. కానీ డబ్ల్యూపీఏ3కి ముందుతరం తాళమైన డబ్ల్యూపీఏ2లో ఆ చేరే ప్రయత్నంలో ఫోన్ పంపే జవాబు ఒక్కటి దొరికినా, దాన్ని ఇంటికి తీసుకెళ్లి తీరిగ్గా పాస్‌వర్డ్ ఊహిస్తూ కూర్చోవచ్చు. అంటే మీ ఇంటి ఛాయలకు రానవసరం లేకుండా, బస్ స్టేషన్‌లోనే మీ ఇంటి తాళానికి మైనం ముద్ర దొరుకుతుంది. ఫోన్‌కు పేరు పెట్టి పిలిచే అలవాటు చేసింది మనమే.

అయినా సరే, “ఒక పొర ఎక్కువుంటే నష్టమేముంది?” అంటారు. ఈ వాదనకు బలం ఎక్కువ, ఎందుకంటే వినడానికి వినయంగా ఉంటుంది. నష్టం లేని పొర అయితే నేనూ ఊరుకుందును. పైన చెప్పిందంతా నష్టమే. దానికి రోజువారీ చికాకు అదనం. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల ఫోన్‌లో జాబితా చూసి నొక్కితే అయిపోయే పనికి ఇప్పుడు ‘యాడ్ నెట్‌వర్క్’ లోపలికి వెళ్లి, పేరు పెద్దక్షరం చిన్నక్షరం తేడా రాకుండా కొట్టి, తాళం రకం ఎంచి, అడ్వాన్స్‌డ్‌లో ‘హిడెన్’ అన్నచోట ‘ఎస్’ పెట్టాలి. ఒక్క ఖాళీ తేడా వచ్చినా చేరదు, ఎందుకు చేరలేదో ఫోన్ చెప్పదు. వైఫై బల్బులు, గీజర్ స్విచ్చులు, చవక సీసీ కెమెరాల్లో కొన్ని దాచిన పేరుతో అసలు కలవవు. అప్పుడు విసిగిపోయిన ఇంటాయన ఏం చేస్తాడు? పాస్‌వర్డ్ అందరికీ తేలికగా ఉండేలా మారుస్తాడు. పనికిరాని పొరను కాపాడటానికి పనికొచ్చే పొరను బలి ఇవ్వడమంటే ఇదే. రూటర్‌లో ఫలానా పరికరాలకే అనుమతి అని పెట్టే మ్యాక్ ఫిల్టర్‌దీ ఇదే వంశం. దాని గురించి వేరే చెప్పక్కర్లేదు.

మన దేశంలో వైఫై భయం మొదలైన సందర్భం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు మీడియాకు వచ్చిన ఈమెయిల్, నవీ ముంబైలో ఉంటున్న ఒక అమెరికన్ ఇంటి వైఫై మీదుగా వెళ్లినట్టు తేలింది. ఆ ఇంట్లోవాళ్లకు సంబంధం లేదు. సరైన తాళం లేని వైఫైని ఎవరో వాడుకున్నారు. ఆ తర్వాత ముంబై పోలీసులు వీధుల్లో తిరిగి వైఫైలు తనిఖీ చేశారు. వాళ్లు వెతికింది తాళం లేని నెట్‌వర్క్‌ల కోసం, పేరు కనిపించేవాటి కోసం కాదు. ఆ భయంలో జనం నేర్చుకున్న రెండు పాఠాల్లో ‘తాళం వెయ్యండి’ అనేది క్రమంగా పలచబడి, ‘పేరు దాచండి’ అనేది మిగిలిపోయింది. రెండోది తేలిక మరి. ఒక్క టిక్కు పెడితే చాలు.

పేరుతో ఆటలాడితే ఎవరు మోసపోతారో అమెరికా నౌకాదళంలో జరిగిన ఒక ఉదంతం చూపిస్తుంది. 2023లో యూఎస్ఎస్ మాంచెస్టర్ అనే యుద్ధనౌక మీద కొందరు చీఫ్ పెట్టీ అధికారులు అనుమతి లేకుండా స్టార్‌లింక్ డిష్ బిగించుకుని, సొంత వైఫై నడిపారు. దాని పేరు ‘స్టింకీ’. నావికుల ఫోన్లలో ఆ పేరు కనపడి గుసగుసలు మొదలవగానే, వైర్‌లెస్ ప్రింటర్ అనిపించేలా పేరు మార్చారు. ఎత్తు కొన్నాళ్లు నడిచింది. చివరికి ఆగస్టులో అధికారిక పరికరం బిగించడానికి వచ్చిన సాంకేతిక ఉద్యోగి కంట ఆ డిష్ పడింది. మరుసటి ఏడాది ముఖ్య బాధ్యురాలు సైనిక న్యాయస్థానం ముందు నిలబడి హోదా పోగొట్టుకుంది. పేరు మార్పు పనిచేసింది ఎవరి మీద? ఫోన్‌లో జాబితా చూసి ఊరుకునేవాళ్ల మీద. మన ఇళ్లలోనూ అంతే. పేరు దాచితే మోసపోయేది పక్కింటి మర్యాదస్థుడు. హాని తలపెట్టినవాడు జాబితా చూడడు, రేడియో వింటాడు.

ఆ పక్కింటి మర్యాదస్థుడి విషయంలో మాత్రం దాచేవాళ్లకు ఒక మార్కు ఇవ్వాలి. జాబితాలో పేరు కనిపిస్తే “అన్నా, మీ వైఫై ఫుల్లుగా వస్తోంది, పాస్‌వర్డ్ చెప్పవా, ఒక్క మ్యాచ్ చూసిస్తా” అనేవాడు తగులుతాడు. కాదంటే మొహమాటం, అవునంటే ఐపీఎల్ సీజన్ అయిపోయేదాకా వదలడు. పేరు కనపడకపోతే ఆ అడుగుడు తగ్గుతుంది, నిజమే. పెద్ద ఆస్పత్రుల్లో పరికరాల కోసం నడిపే నెట్‌వర్క్ పేరును సందర్శకుల కంట పడకుండా ఉంచడంలోనూ అర్థం ఉంది. లేకపోతే ప్రతి అటెండెంటూ దాన్నే నొక్కి చూస్తాడు. ఇదంతా మొహమాటానికి, శుభ్రతకు సంబంధించిన లాభం. భద్రత ఖాతాలో జమ కట్టకండి. మొహమాటానికి గెస్ట్ నెట్‌వర్క్ అనే మంచి మందు చాలా రూటర్లలో ఉండనే ఉంది.

ఇక అసలు తాళం సంగతి. 1883లోనే ఆగస్ట్ కెర్కాఫ్స్ అనే భాషావేత్త సైనిక గుప్తలిపి గురించి రాస్తూ, మొత్తం పద్ధతి శత్రువు చేతికి చిక్కినా తాళంచెవి ఒక్కటి చిక్కకపోతే చాలన్నట్టుగా ఏర్పాటు ఉండాలన్నాడు. మన ఫైబర్ కుర్రాడు సరిగ్గా తలకిందులు చేశాడు: పేరు దాచాడు, తాళంచెవిగా మొబైల్ నంబర్ పెట్టాడు. మన మొబైల్ నంబర్లు పది అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపు. అంటే మొత్తం అవకాశాలు 400 కోట్లు. వినడానికి చాలా పెద్ద అంకె. డబ్ల్యూపీఏ2 మీద ఊహలు పరీక్షించడంలో పిల్లలు గేమ్స్ ఆడుకునే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే సెకనుకు పది లక్షలు దాటుతుంది. భాగించండి. గంటా పది నిమిషాల్లోపు ప్రతి భారతీయ మొబైల్ నంబరూ అయిపోతుంది. అదీ మీ నంబర్ తెలియనివాడికి. తెలిసినవాడికి ఎంతసేపు?

అదే సంబంధం లేని నాలుగైదు మాటలు, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగే అయినా సరే, మధ్యలో ఒకటో రెండో అంకెలతో ఇరవై అక్షరాలు దాటించి పెడితే ఆ గ్రాఫిక్స్ కార్డుకు ఆయుష్షు చాలదు. పాస్‌వర్డ్ 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చని ప్రమాణమే చెబుతోంటే, మనం కనీస హద్దైన ఎనిమిది దగ్గరే ఆగిపోతాం. రూటర్‌లో డబ్ల్యూపీఏ3 ఉంటే అది ఎంచుకోండి. అందులో పాస్‌వర్డ్‌ను ఇంటికి పట్టుకెళ్లి ఊహించే ఆటే సాగదు. పాస్‌వర్డ్ కొట్టకుండానే పరికరాలను కలిపే డబ్ల్యూపీఎస్ సదుపాయం ఆపెయ్యండి. దాని ఎనిమిదంకెల పిన్ నిజానికి 11,000 ప్రయత్నాల్లో తేలిపోతుందని 2011లోనే స్టెఫాన్ ఫీబెక్ చూపించాడు.

పేరుకు ఒక పాత్ర ఉంది, అది దాచేవాళ్లు అనుకున్నది కాదు. డబ్ల్యూపీఏ2 మీ పాస్‌వర్డ్‌ను నెట్‌వర్క్ పేరుతో కలిపి 4,096 సార్లు తిప్పి తాళంచెవి తయారుచేస్తుంది. కాబట్టి లక్షల ఇళ్లలో ఉండే కంపెనీ పేరునే అలాగే వదిలేస్తే, ఆ పేరుకు ముందే వండిపెట్టిన జవాబుల పట్టికలు దొంగకు పనికొస్తాయి. మరెవరికీ లేని పేరు పెట్టుకుంటే పనికిరావు. ఆ పేరును దర్జాగా అందరికీ చూపించండి. ఇంటిపేరు, ఫ్లాట్ నంబరు మాత్రం వద్దు.

ఇప్పటికే దాచి ఉన్నవాళ్లు రూటర్‌లో ఆ టిక్కు తీసేస్తే పని సగమే అయినట్టు. ఫోన్లలో ఆ నెట్‌వర్క్ ‘హిడెన్’ అన్న గుర్తుతోనే సేవ్ అయి ఉండొచ్చు. అలా ఉన్నంతకాలం రూటర్ పేరు చాటుతున్నా ఫోన్ తన కేకలు మానదు. ఒక్కో ఫోన్‌లో ఆ పేరు దగ్గరికెళ్లి ‘ఫర్గెట్’ కొట్టి, జాబితాలోంచి మళ్లీ మామూలుగా ఎంచుకోవాలి. ల్యాప్‌టాప్‌లో అయితే ‘బ్రాడ్‌కాస్ట్ చేయకపోయినా కనెక్ట్ అవ్వు’ అనే టిక్కు తీసెయ్యాలి. పిల్లల ట్యాబ్, ఊళ్లో అత్తగారికి ఇచ్చేసిన పాత ఫోన్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి.